ఉలికి లొంగని రాయి

ఖరగ్‌పూర్ స్టేషనులో దిగిన తెలుగు యాత్రికునికి ముందుగా వినవచ్చేది తన భాష. ఆ పిమ్మట కంటబడేది ఎర్రని నేల. భాష అక్కడికి ఎట్లు చేరినదో అందరికీ తెలిసినదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. 19వ శతాబ్ది ముగిసేనాటికి ఖరగ్‌పూర్ కూడలి అయినది, దాని ప్రక్కన కర్మాగారం లేచినది. వాల్తేరు నుండి కటకము మీదుగా వచ్చే తూర్పుతీరపు రైలుదారి ఉత్తర భాగం 1902లో అదే కంపెనీ చేతికి వచ్చిన తరువాత శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాము ప్రాంతాల జనం పనికోసం ఆ దారినే తరలివెళ్లినారు. ఖలాసీలు, ఫిట్టర్లు, గుమాస్తాలు, ఉపాధ్యాయులుగా స్థిరపడినారు. ఆ కార్మికుల సంఘాలకు నాయకత్వం వహించిన వి. వి. గిరి తరువాత రాష్ట్రపతి అయినారు. ఈ కథ ఇప్పటికి చాలసార్లు చెప్పబడినది. ఎర్రని నేల కథ మాత్రం అంతగా వినబడదు. అది శిల్పానికి సంబంధించిన కథ. కొంతవరకు మన కథ కూడ.

కంసావతీ నదికి దక్షిణంగా ఖరగ్‌పూర్, ఉత్తరంగా మేదినీపూర్. అక్కడి నుండి వాయవ్యంగా బంకుడా వరకు నేల పైపొర క్రింద ఉన్నది లాటరైటు అనే రాయి. గోదావరి జిల్లాల మెట్టలలోను, తెలంగాణలోను ఎర్రమొరం ఎరిగినవారికి దీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. ఇనుము తుప్పుపట్టి గడ్డకట్టినట్లుంటుంది, ఒళ్లంతా తొర్రలు. ఈ రాతికి ఆ పేరు పెట్టినవాడు ఫ్రాన్సిస్ బుకానన్. మలబారు సీమలో ప్రయాణం చేస్తూ అక్కడివారు దీనిని ఇటుకలుగా కోసి ఇండ్లు కట్టుకొనడం చూచి, లాటిన్‌లో ఇటుక అన్న అర్థమిచ్చే మాట నుండి 1807లో ప్రకటించిన గ్రంథంలో ఈ పేరు కల్పించినాడు. నేలలో నుండి తీసినప్పుడు గొడ్డలికి తెగేటంత మెత్తగా ఉండి, గాలి సోకిన కొలది గట్టిపడడం దీని స్వభావం. గోడకు ఇంతకంటె మేలైన రాయి లేదు. విగ్రహానికి ఇంతకంటె పనికిరాని రాయి లేదు. ఉలి మొన ఆనిన చోట తొర్ర. కనుబొమ తీర్చబోతే పెళ్ల ఊడి వస్తుంది. వేలి గోరు, పెదవి అంచు, మువ్వల పట్టెడ మొదలైనవి ఈ రాతిలో నిలువవు.

ఇట్టి నేలమీద శిల్పి ఏమి చేయవలెను? మన శిల్పశాస్త్రాలు దీనికి సూటియైన సమాధానమే చెప్పినవి: రాయి ఉన్న కొండకు పోవలెను. శిలాసంగ్రహణం అనే ప్రకరణం ఆ గ్రంథాలలో విగ్రహనిర్మాణానికి ముందే వస్తుంది. స్థపతి మంచి దినం చూచుకొని, పనివారిని వెంటబెట్టుకొని కొండకు పోతాడు. ఎండకు మాడిన రాయి, నిప్పు తగిలిన రాయి పనికిరాదు. సుత్తితో తట్టి చెవి ఒగ్గి వింటాడు. గంటవలె మ్రోగితే పుంశిల. మెత్తని నాదమైతే స్త్రీశిల. నాదం లేనిది నపుంసకశిల. బాల, యౌవన, వృద్ధ అని రాతికి వయస్సు కూడ ఉన్నది. పేర్లకు పైపూతగా ఉన్న మతవిశ్వాసాన్ని ప్రక్కన పెట్టి చూస్తే ఇది రాతిపనివాని నిత్యానుభవమే. లోపల బీట ఉన్న రాయి పలుకదు. ఈనాటికీ ఆళ్లగడ్డలో గాని, దుర్గిలో గాని ముదురు శిల్పి ముందు తట్టి చూచి, తరువాతనే నూలు వేస్తాడు. కొండదగ్గర నేర్చుకొనే ఈ మొదటి పాఠం చెవికి సంబంధించినది. చేతి పాఠం ఆ తరువాతిది. పుస్తకంలో తాళమానం కంఠస్థం చేసినవానికి ఇది రాదు. వేసవిలో, రాతిగుంటలో వాననీరు నిలువని రోజులలో, గురువు ప్రక్కన కూర్చుని చీలలు దిగగొట్టి బండ చీల్చినవానికే వస్తుంది.

ఈ విద్య కళింగంలో ఎంత బలంగా ఉండినదో శ్రీముఖలింగమే సాక్షి. వంశధార ఒడ్డున ఉన్న ఆ ఊరినే పూర్వగాంగుల రాజధాని కళింగనగరంగా చరిత్రకారులు గుర్తించినారు. అక్కడి మధుకేశ్వరాలయం ద్వారబంధాలమీది లతలను చూచినవారు వాటిని రాయి అని ఒప్పుకొనడానికి కొంతసేపు పడుతుంది. ఆలయం నిండా సంస్కృతంలోను తెలుగులోను శాసనాలు. అనంతవర్మ చోడగంగు 1078లో రాజ్యానికి వచ్చి, కాలక్రమాన రాజధానిని కటకానికి మార్చి, పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్నాడు. అతని సేనలు రాఢదేశంలోకి చొచ్చుకుపోయినవి. అతని వంశీయుడే 13వ శతాబ్ది మధ్యకాలంలో కోణార్కను కట్టించిన నరసింహదేవుడు. ఇతని కాలంలోనే సింహాచలాలయం పునర్నిర్మాణం జరిగి 1268 నాటి శాసనానికి ఎక్కినది. ఒక్క మాటలో చెప్పవలెనంటే, వాల్తేరు నుండి ఖరగ్‌పూర్‌కు 20వ శతాబ్దిలో మనవారు రైలులో వెళ్లిన దారినే గాంగులు కాలినడకను, ఏనుగులమీద వెళ్లినారు. రాజులతోపాటు శిల్పవిద్య కూడ ఉత్తరంగా నడిచినది.

అయితే విద్య నడిచినంత సులభంగా రాయి నడువదు. కోణార్కలో ఈ సంగతి స్పష్టంగా కనబడుతుంది. అక్కడ మూడు రకాల రాళ్లు వాడినారు. ఏదీ ఆ ఇసుకమేటలో పుట్టినది కాదు, దూరం నుండి మోసి తెచ్చినదే. ఆలయ శరీరమంతా ఖొండలైటు. విశాఖపట్నం కైలాసగిరి, సింహాచలం కొండ ఈ రాతివే. తూర్పుకనుమలలోని ఖోండుల పేరుమీద భూగర్భశాస్త్రజ్ఞులు దీనికి ఆ పేరు పెట్టినారు. చెక్కడానికి అనువైనదే గాని, సముద్రపు గాలికి త్వరగా రాలిపోతుంది. ద్వారబంధాలకు, ముఖ్య విగ్రహాలకు నల్లని క్లోరైటు వాడినారు. అది నునుపుకు లొంగి, చెక్కినది చెక్కినట్లు నిలుపుకొంటుంది. ఇక మూడవది లాటరైటు. దానిని ఎక్కడ పెట్టినారు? వేదిక లోపల, మెట్ల గర్భంలో, ఎవరి కంటికీ కనబడని చోట. ఎర్రరాయి బరువు మోస్తుంది, మిగిలినవి అందం మోస్తవి. శిల్పి తన రాళ్లను ఎంత ఎరిగి ఉన్నాడో దీనివల్ల తెలుస్తుంది.

మరి, కనబడకూడదనుకొన్న ఆ రాయి తప్ప వేరొకటి దొరకని చోట? ఖరగ్‌పూర్‌కు కొద్ది దూరంలో కేశియాడి దాపున గగనేశ్వరం అనే పల్లె ఉన్నది. అక్కడి కట్టడాన్ని కురుంబేడా కోట అంటారు. పేరుకే కోట. విశాలమైన ముంగిలి, దానిచుట్టూ వరుస స్తంభాల వసారా, ఎత్తయిన గోడ — అంతా లాటరైటే. అరిగిపోయిన ఒడ్డెభాషా శాసనం ఒకటి దీనిని కపిలేంద్ర గజపతి కాలం నాటిదిగా చెప్పుచున్నది. ఔరంగజేబు కాలంలో 1691లో ముహమ్మద్ తాహిర్ అనే ఆయన ముంగిట్లో మూడు గుమ్మటాల మసీదు కట్టించినాడు, అదీ నిలిచియున్నది.

కపిలేంద్రుడు తెలుగు పాఠకునికి క్రొత్తవాడు కాడు. రాజమహేంద్రవరం, కొండవీడు పట్టుకొన్నవాడు ఈయనే. కొండవీడు చేతులు మారిన తరువాత శ్రీనాథుని చివరి దినాలు ఎట్లు గడిచినవో చాటువుల మూలంగా లోకప్రసిద్ధం. కనకాభిషేకం పొందిన కవి తెలుగునేలమీద పన్ను బకాయిలకు దెబ్బలు తిన్నాడని చెప్పుకొనే రోజులలోనే, అదే ప్రభువు రాజ్యపు ఉత్తరపు కొసలో పేరు తెలియని పనివారు ఎర్రరాతిని దూలాలుగా, స్తంభాలుగా కోయుచున్నారు. చాటువులు ఎంతవరకు చరిత్ర అన్న చర్చ వేరు. కాలం మాత్రం ఒక్కటే.

కురుంబేడా స్తంభాలను చూచినవారికి ఒక సంగతి తోచక మానదు. కొలత తప్పలేదు, వరుస తప్పలేదు, పైకప్పు బరువును స్తంభంమీదికి దించడంలో ఎక్కడా తడబాటు లేదు. అది నేర్చిన చేతుల పని. కాని స్తంభం మీద లత లేదు, బోదె మీద నర్తకి లేదు. విద్య మరచిపోయినందువల్ల కాదు, రాయి ఒప్పుకొననందువల్ల. శ్రీముఖలింగం ద్వారబంధాన్ని, గగనేశ్వరం స్తంభాన్ని ప్రక్కప్రక్కన పెట్టి రెండవదానిని క్షీణదశ అని తీర్పు చెప్పడం కళాచరిత్ర గ్రంథాలకు అలవాటే. ఆ తీర్పు సరికాదు. అచ్చట ఉలి తన పరిమితి తెలుసుకొని పని చేసినది.

ఇక్కడ మన గర్వానికి కూడ ఒక హద్దు గీసుకొనవలెను. గాంగుల శాసనాలు తెలుగులో ఉన్నవి గనుక మేదినీపురం రాళ్లు కోసినవారు తెలుగువారని అనడానికి ఆధారం లేదు. కురుంబేడా శాసనం ఒడ్డెభాషలో ఉన్నది గనుక వారంతా ఒడ్డెవారని కూడ చెప్పలేము. ఈ పనివారికి భాషల ఎల్లలు మనకున్నట్లు ఉండినవని తలచడమే పొరపాటు. తెలుగుదేశంలో రాళ్లు కొట్టి, చెరువులు త్రవ్వి బ్రదికే వడ్డెర కులం పేరే ఓఢ్రదేశం నుండి వచ్చినదని పెద్దలంటారు. రాతి వడ్డెలు, మన్ను వడ్డెలు అని వారిలో విభాగం. ఒడ్డెనాటి పేరు పెట్టుకొని తెలుగు మాట్లాడుతూ తమిళ కన్నడ మహారాష్ట్ర దేశాలంతటా తిరిగిన జనం వారు. 19వ శతాబ్దిలో రైలుదారులు పడినప్పుడు పడమటి కనుమలలో గాని దక్షిణాపథంలో గాని బండలు పగులగొట్టి కట్టలు పోసినవారిలో వీరిని కంపెనీ కాగితాలు తరచు పేర్కొంటవి. కులం పేరు ఉంటుంది. మనిషి పేరు ఉండదు. ఈ విషయంలో గజపతి శాసనానికీ రైల్వే కంపెనీ లెక్కల పుస్తకానికీ భేదం లేదు.

ఖరగ్‌పూర్ నుండి ఆద్రా పోయే రైలు మేదినీపూర్ దాటి విష్ణుపురం మీదుగా బంకుడా చేరుతుంది. ఎర్రరాతి దేశాన్ని ఈ కొస నుండి ఆ కొసకు చూడదలచినవారికి ఇంతకంటె మంచి దారి లేదు. విష్ణుపురంలో మల్లరాజులు మరొక ఉపాయం కనిపెట్టినారు. లాటరైటుతోనే లాల్‌జీ ఆలయం వంటివి కట్టి పైన సున్నపు పూత పూసి ఆ పూతలో బొమ్మలు తీర్చినారు. పూత రాలిపోయినది, రాయి మిగిలినది. రాతిని వదలి మట్టిని పట్టుకొన్నప్పుడు మాత్రం అద్భుతం జరిగినది. 1643 నాటి శ్యామరాయ ఆలయం, 1655 నాటి జోడ్‌బంగ్లా గోడలు కాల్చిన మట్టిపలకలతో నిండిపోయినవి: రాసలీల, రామరావణ యుద్ధం, పడవలు, వేట, నడుమ నడుమ ఆనాటి సామాన్య జనం. రాయి ఇవ్వని దానిని మట్టి ఇచ్చినది.

బంకుడాకు అవతల సుసునియా కొండ ఒకటి ఈ దేశానికి మినహాయింపు. దానిమీద 4వ శతాబ్ది నాటి చంద్రవర్మ శాసనం ఉన్నది. కొండ పాదాన రాతిబొమ్మలు, గిన్నెలు చెక్కి బ్రదికే కుటుంబాలు ఉన్నవి. కాని అది చిన్న కొండ.

ఈ ఎర్రనేలలోనే, బంకుడా పట్టణంలో జుగీపాడా అనే పేటలో, 1906లో రామకింకర్ బైజ్ జన్మించినారు. క్షురకవృత్తి కుటుంబం. పిన్నతనంలో ఆయన గురువులు పేటలో దేవతాప్రతిమలు చేసే కుమ్మరులు, సూత్రధారులు. అనగా మట్టిని ఎరిగినవారు. సహాయ నిరాకరణోద్యమ దినాలలో నాయకుల బొమ్మలు వేసినారు. ‘మోడరన్ రివ్యూ’ సంపాదకుడు రామానంద చటర్జీ ఆ ఊరివాడే. ఆయన కన్ను ఈ కుర్రవానిమీద పడి 1925లో శాంతినికేతనానికి తీసుకొనిపోయినాడు. అంతకు కొన్ని సంవత్సరాలకు ముందే రాయప్రోలు అక్కడ ఉండి వచ్చినారు. బెజవాడ గోపాలరెడ్డి అక్కడ చదివి రవీంద్రుని తెలుగు చేసినారు. మన సాహిత్యం శాంతినికేతనం నుండి పాటను తెచ్చుకొన్నది. అక్కడి శిల్పం వైపు మనం చూచినది తక్కువ.

శాంతినికేతనం కూడ ఎర్రకంకర నేలయే. అక్కడ కొండ లేదు. కంచు పోతపోయడానికి రామకింకర్ వద్ద డబ్బు లేదు. 1938లో ఆయన కళాభవనం ఆరుబయట ఒక పని మొదలుపెట్టినారు. ఇనుప చువ్వలతో పంజరం కట్టి, స్థానికంగా దొరికే ఎర్రకంకరను సిమెంటుతో కలిపి, ఆ ముద్దను గుప్పిళ్లతో విసరి అంటించి, ఆరకముందే చెక్కుతూ రూపం దిద్దినారు. సంతాల్ పురుషుడు కావడి మోయుచున్నాడు. ఒక గంపలో బిడ్డ. ప్రక్కన నెత్తిన బుట్టతో భార్య. వెంట కుక్క. ఊరు విడిచి పనికి పోవుచున్న కుటుంబం. వారికి దేవతల కొలతలు ఇచ్చినారు, తాళమానం ఇవ్వలేదు. మనదేశంలో ఆధునిక శిల్పానికి ఇదే నాంది అని విమర్శకులు చాలమంది అంగీకరించినారు. ఆ మాటకంటె ఇక్కడ ముఖ్యమైనది మరొకటి ఉన్నది. కోణార్కలో మెట్ల గర్భంలో దాగిన రాయి, కురుంబేడాలో బొమ్మను నిరాకరించిన రాయి, విష్ణుపురంలో పూత చాటున ఉండిపోయిన రాయి ఇక్కడ మొదటిసారిగా మనిషి ముఖం అయినది. దానిని చెక్కి కాదు, పొడిచేసి ముద్దచేసి. దాని తొర్రలను దాచక, వాటినే చర్మంగా చూపించి. ఏడు శతాబ్దాలుగా శిల్పులు లోపమనుకొన్నది ఈయనకు గుణమైనది.

కథ ఇంతటితో ఆగియుంటే శాస్త్రకారుల శిలాసంగ్రహణానికి ఎర్రనేల శిల్పి చెప్పిన ప్రత్యుత్తరంగా దీనిని ముగించవచ్చును. కాని రామకింకర్ కూడ చివరికి కొండకు పోవలసి వచ్చినది. ప్రభుత్వ భవనాలలో కళాకారులకు పని కల్పించవలెనని జవహర్లాల్ నెహ్రూ కోరిన కాలం అది. న్యూఢిల్లీలో రిజర్వు బ్యాంకు క్రొత్త భవనం వాకిట యక్షుడు, యక్షిణి విగ్రహాలు నిలుపవలెనని సంకల్పించి 1955 ప్రాంతంలో ఆ పని ఆయనకు అప్పగించినారు. ఎత్తు 20 అడుగులు దాటవలెను; రాతిలోనే ఉండవలెను. మథురలోని పర్ఖం యక్షుడు, కలకత్తా మ్యూజియములోని బేస్‌నగర్ యక్షిణి ఆయనకు మాతృకలు. రాయి కావలెను. మట్టిలోను సిమెంటులోను అర్ధజీవితం గడిపిన మనిషి యాభై ఏండ్ల వయస్సులో రాయి కోసం బయలుదేరినారు.

అనేక స్థలాలు చూచి, చివరకు కాంగ్రా లోయలో బైజనాథ్ వద్ద శివాలిక్ కొండల ఇసుకరాతిని ఎంచుకొన్నారు. ఆ ఎంపికలో ఒక ఔచిత్యం ఉన్నది. బైజనాథ్‌లో 13వ శతాబ్ది ఆరంభంలో వర్తక సోదరులు ఇద్దరు కట్టించిన రాతి శివాలయం ఉన్నది. దాని శాసనాలలో దాతల పేర్లేకాక కట్టిన స్థపతుల పేర్లు కూడ ఉన్నవి. కురుంబేడాలో లేనిది అదే. కోణార్క పనివారు ఏ యంత్రమూ లేక తెచ్చుకొన్నట్లే, యంత్రయుగంలో కూడ రాయి తెచ్చుకొనడం తేలిక కాలేదు. కొండలో పెద్ద బండలు విడగొట్టవలెను. అక్కడి నుండి పఠాన్‌కోటకు దిగివచ్చే దారి 1929లో వేసిన సన్నరైలు; పట్టాల నడుమ ఎడం రెండున్నర అడుగులు. 20 అడుగుల విగ్రహానికి కావలసిన ఏకశిల ఆ బండిమీద దిగదు. రాతిని ఖండాలుగానే తేవలసి వచ్చినది. ఢిల్లీలో వాటిని ఒకదానిపై ఒకటి పేర్చి, సహాయకులతో చెక్కించి, విగ్రహాలను పూర్తి చేసినారు. ఒప్పుకొన్ననాటి నుండి నిలిపిననాటికి పన్నెండేండ్లు పట్టినది. 1967లో అవి వాకిట నిలిచినవి. యక్షిణి నగ్నత్వాన్ని గూర్చి ఆ సంవత్సరమే రాజ్యసభలో ప్రశ్న కూడ వచ్చినది. బేస్‌నగర్ యక్షిణిని మ్యూజియములో చూచి రెండువేల ఏండ్ల ప్రాచీనతకు చేతులు జోడించేవారే బ్యాంకు వాకిట ఆమె చెల్లెలిని చూచి కలవరపడినారు.

యక్షుని ఒక చేత ధనపు సంచి. మరొక చేత యంత్రచక్రం. ఖరగ్‌పూర్ కర్మాగారంలో పనిచేసినవానికి ఆ పండ్లచక్రం కొత్త కాదు. అయినా నిజం చెప్పవలెనంటే ఈ జంట ‘సంతాల్ కుటుంబం’తో తులతూగదు. చిన్న నమూనాను కొలతలువేసి పెంచి, పలుచేతులమీదుగా చెక్కించిన పనిలో నునుపు వచ్చినది, ఘనత వచ్చినది. ముద్ద విసరిన చేతి వేగం రాలేదు. కొండదగ్గర రాతిని తట్టి విని చిన్ననాటి నుండి పెరిగిన శిల్పికి ఏది సహజమో అది యాభై ఏండ్ల తరువాత నేర్చుకొన్నవానికి సంపూర్ణంగా దక్కలేదు. దీనిని ఆయన దోషంగా చెప్పరాదు. ఎర్రనేల ఆయనకు ఇచ్చిన విద్య వేరు.

రామకింకర్ 1980లో కలకత్తాలో మరణించినారు. ఋత్విక్ ఘటక్ 1975లో ఆయనపై తీసిన చలనచిత్రం పూర్తికాక మిగిలినది. సమరేశ్ బసు ఆయన జీవితాన్ని ఆధారం చేసుకొని వ్రాసిన ‘దేఖి నాయ్ ఫిరే’ నవల కూడ రచయిత మరణంతో 1988లో అసంపూర్ణంగా ఆగిపోయినది. ఇద్దరు గొప్ప కళాకారులు చేపట్టిన ఆ జీవితం ఇద్దరి చేతిలోను ముగియలేదు. తెలుగులో ఆ నవలకు అనువాదం రావలసి ఉన్నది. బంకుడా యాసను, ఎర్రమట్టి మాటలను ఎరిగి, తెలుగులో వ్రాయగలవారు ఎక్కడ ఉన్నారని వెదుకనక్కరలేదు. ఖరగ్‌పూర్‌లో మూడు నాలుగు తరాలుగా ఇంట తెలుగు, వీధిలో బెంగాలీ మాట్లాడుతున్నవారు ఉన్నారు. బంకుడా పోయే రైలు వారి స్టేషను నుండే బయలుదేరుతుంది.